మౌంటింగ్ తీశాక ఇంజిన్ ఎటు వాలుతుంది?

"ఇంట్లోనే ఇంజిన్ మౌంటింగ్ మార్చుకుంటాను" అని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరితో అన్నా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇంజిన్ కిందపడదా?"

మౌంటింగ్ అంటే ఇంజిన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే రబ్బరు ఆసరా. అది తీస్తామంటే భయపడటంలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్న అడిగే తీరులోనే చిన్న పొరపాటుంది. మూడు చోట్ల పట్టి ఉన్న వస్తువును ఒక చోట వదిలేస్తే అది పడిపోదు. మిగిలిన రెండు చోట్లనూ బందుల్లా చేసుకుని తలుపులా తిరుగుతుంది. బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక షెడ్డు నడిపే మదనపల్లె మేస్త్రీ నాకు ఈ సంగతి ఒక్క మాటలో చెప్పాడు. "బరువెంతో తర్వాత చూసుకుందాం సార్, ముందు ఏ పక్కకి వాలతాదో చూడండి" అన్నాడు. నేను మౌంటింగులు మార్చిన ప్రతిసారీ ఆ మాట పనికొచ్చింది. జాకీ ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తాలి, పైనుంచి ఏం కట్టాలి అన్నవన్నీ ఇంజిన్ ఎటు వాలుతుందో తెలిస్తేనే తేలతాయి.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్లలో చాలామంది దగ్గర ఉన్నవి చిన్న పెట్రోల్ కార్లే. వారమంతా టిన్ ఫ్యాక్టరీ దగ్గరో సిల్క్ బోర్డు దగ్గరో ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉంటాయి. పండక్కి అనంతపురమో కర్నూలో వెళ్లొస్తాయి. హాఫ్ క్లచ్ మీద పాకే ప్రతి నిమిషమూ మౌంటింగు రబ్బరును ముందుకీ వెనక్కీ గుంజుతుంది. కొన్నేళ్లకి సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. క్లచ్ వదిలేటప్పుడు ముందు నుంచి "టక్" మంటుంది. రివర్స్ వేస్తే కారు ఉలిక్కిపడుతుంది.

మూడు మౌంటింగులు, రెండు పనులు

మారుతి, హ్యుందాయ్ లాంటి చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. డ్రైవర్ సీట్లోంచి చూస్తే చాలా కార్లలో కుడి పక్కన టైమింగ్ వైపు (టైమింగ్ బెల్టో చైనో ఉండే వైపు) మౌంటింగు, ఎడమ పక్కన గేర్‌బాక్స్ మౌంటింగు, వెనకా కిందా ఒక పొట్టి రాడ్డు ఉంటాయి. రెండు చివరలా రబ్బరు బుష్‌లు ఉండే ఆ రాడ్డును టార్క్ రాడ్ అంటారు. పాత శాంత్రో లాంటి కార్లలో రాడ్డుకు బదులు కింద అడ్డపట్టీ మీద ముందొకటీ వెనకొకటీ మౌంటింగులు ఉంటాయి. షాపుల్లో వీటన్నిటినీ కలిపి మౌంటింగులనే అంటారు. కొందరు ఫౌండేషన్ అంటారు.

ఈ మూడూ ఒకే పని చేస్తాయనుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు. పక్కలనున్న రెండూ బరువు మోస్తాయి. టార్క్ రాడ్ బరువు దాదాపు మోయదు, మెలికను ఆపుతుంది. ఇంజిన్ చక్రాలను ఒక దిక్కుకు తిప్పినప్పుడు, చక్రాలు ఇంజిన్‌ను ఎదురు దిక్కుకు తిప్పబోతాయి. దాన్ని పట్టి ఉంచేది ఆ రాడ్డే.

ఆ మెలిక ఎంతుంటుందో లెక్క వేసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 110 న్యూటన్ మీటర్లు. మొదటి గేరూ చివరి పళ్లచక్రమూ కలిపి దాన్ని దాదాపు 14 రెట్లు చేస్తాయి. అంటే చక్రాల దగ్గర 1,500 న్యూటన్ మీటర్ల పైమాటే. అడ్డంగా కూర్చున్న ఇంజిన్లో ఆ చివరి పళ్లచక్రం కూడా గేర్‌బాక్స్ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి, అంత మెలికా మౌంటింగుల మీదికే తిరిగొస్తుంది. రాడ్డు పై మౌంటింగులకు అర మీటరు కింద ఉందనుకుంటే, దాని మీద పడే లాగుడు 3,000 న్యూటన్లు. దాదాపు 300 కిలోల బరువు వేలాడదీసినట్టు. బరువు దాదాపు మోయని టార్క్ రాడ్ బుష్‌లు చాలా కార్లలో అన్నిటికంటే ముందు చిరగడానికి కారణం ఇదే. బొలెరో, ఇన్నోవా లాంటి నిలువు ఇంజిన్లలో చివరి పళ్లచక్రం వెనక యాక్సిల్‌లో ఉంటుంది. కాబట్టి అక్కడ మౌంటింగులకు ఇంత మెలిక తగలదు, ఇంజిన్ బరువు మాత్రం ఎక్కువ.

బరువునూ మెలికనూ విడదీసి చూడటం కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో "ఫ్లోటింగ్ పవర్" అని ఒక పద్ధతి తెచ్చింది. ఇంజిన్‌ను ముందు ఎత్తులోనూ వెనక కిందనూ రెండు రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టారు. ఆ రెంటినీ కలిపే గీత ఇంజిన్ బరువు కేంద్రానికి దగ్గరగా పోయేలా చూశారు. అప్పుడు ఇంజిన్ తన ఇరుసు చుట్టూ తానే ఊగుతుంది, ఆ ఊపు ఛాసిస్‌కు అంటదు. మరీ ఎక్కువ తిరక్కుండా పక్కన ఒక పట్టీ స్ప్రింగ్ పెట్టారు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ పద్ధతిని తీసుకుంది. మన కారులోని టార్క్ రాడ్ చేస్తున్నది ఆనాటి ఆ పట్టీ పనే.

రబ్బరు మెత్తగా ఉంటే వణుకు ఆగుతుంది, గట్టిగా ఉంటే ఇంజిన్ కదలకుండా ఉంటుంది. ఈ రెండూ ఒకే రబ్బరుతో కుదరవు. అందుకని కొన్ని మౌంటింగుల్లో రబ్బరు లోపల రెండు అరలు చేసి ద్రవం నింపుతారు. గతుకులో ఇంజిన్ పెద్దగా ఊగినప్పుడు ఆ ద్రవం సన్నని దారిలోంచి కష్టపడి పోతూ ఊపును మింగేస్తుంది. అలాంటి మౌంటింగు కింద నల్లటి తడి చార కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

కొత్త మౌంటింగు కొనేముందు అసలు తప్పు దానిదేనా అని చూసుకోవాలి. స్పార్క్ ప్లగ్గు పాడైనా, ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మడ్డి పట్టినా ఆగి ఉన్నప్పుడు కారు ఇలాగే వణుకుతుంది. బానెట్ తెరిచి, బ్రేకు బాగా తొక్కి పట్టమని ఒకరిని లోపల కూర్చోబెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదిలి మళ్లీ తొక్కమనండి, తర్వాత రివర్స్‌లో అలాగే. ఇంజిన్ కొంచెం ఊగడం మామూలే. ఎగిరిపడి దేనికైనా కొట్టుకుంటే, లేదా రబ్బరు చీలి నోరు తెరిస్తే, మౌంటింగు పోయింది. చూసే మనిషి పక్కన నిలబడాలి. కారుకూ గోడకూ మధ్య నిలబడకూడదు. క్లచ్ కాలు జారితే తప్పుకునే సమయం ఉండదు.

ఏది తీస్తే ఎటు

చిన్న పెట్రోల్ ఇంజినూ గేర్‌బాక్సూ కలిపి సుమారుగా 100 నుంచి 150 కిలోలుంటాయి. డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. 120 కిలోలు అనుకుందాం. బరువు రెండు పక్కలా సమంగా పంచుకుంటే టైమింగ్ వైపు మౌంటింగు మోసేది 60 కిలోలు. అది తీశామంటే ఆ 60 కిలోలూ జాకీ మోయాలి. కానీ అది జాకీ సరిగ్గా ఆ మౌంటింగు కిందే ఉంటే చెప్పే లెక్క. కావడి బద్దను ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకడు చివర వదిలేసి మధ్యకు వస్తే ఏమవుతుంది? వాడి భుజం మీద బరువు పెరుగుతుంది, రెండోవాడి మీద తగ్గుతుంది. సరిగ్గా మధ్యకు వస్తే మొత్తం వాడి మీదే. అప్పుడు బద్ద ఏ చిన్న తోపుకైనా ఎటైనా ఒరుగుతుంది. జాకీదీ అదే కథ. ఇంజిన్ మధ్యలో పెడితే 120 కిలోలూ దాని మీదే పడి, గేర్‌బాక్స్ వైపు మౌంటింగు ఖాళీగా ఉండి, ఇంజిన్ మేకు మీద నిలబెట్టిన పళ్లెంలా తయారవుతుంది. అందుకే తీయబోయే మౌంటింగుకు వీలైనంత దగ్గరగా, ఆ పక్కనే ఆపు పెట్టాలి. గేర్‌బాక్స్ మౌంటింగు తీస్తుంటే ఆపు గేర్‌బాక్స్ కిందికి మారాలి. టైమింగ్ వైపు పెట్టిన జాకీని అక్కడే ఉంచి ఎడమ మౌంటింగు విప్పడం నేను చూసిన తప్పుల్లో పెద్దది.

టార్క్ రాడ్ సంగతి వేరు. అది తీస్తే ఇంజిన్ పై రెండు మౌంటింగుల మీద ఉయ్యాలలా వేలాడుతుంది, కిందికి దిగదు. అక్కడ జాకీ ఎత్తడం వల్ల లాభం లేదు, రెండు పై రబ్బర్లనూ ఊరికే పైకి తోస్తుంది. ఊగకుండా ఆనించి ఉంచితే చాలు. ముందూ వెనకా మౌంటింగులున్న పాత కార్లలో మాత్రం, వాటిని మోసే అడ్డపట్టీనే విప్పాల్సి వస్తే ఆ ధీమా పనికిరాదు. అప్పుడు రెంటి ఆసరా ఒకేసారి పోతుంది.

ఎన్ని మౌంటింగులు మార్చినా ఒక్కసారికి ఒక్కటే తీయాలి. ఒకటి తీసి, కొత్తది పెట్టి, బోల్టులు చేత్తో పట్టించాకే రెండోదాని జోలికి వెళ్లాలి.

ఆయిల్ చాంబర్ కింద

ఇంజిన్‌కు కింద అందుబాటులో కనిపించేది, ఇంజిన్ ఆయిల్ నిలిచే తట్ట, అంటే ఆయిల్ చాంబరే. అడుగున చదునుగా, జాకీకి పీట వేసినట్టు ఉంటుంది. దాని మీద ఇనుప జాకీ తలను నేరుగా ఆనిస్తే ఏమవుతుందో మా బావమరిది కారు నేర్పింది. ఒక షెడ్డులో మౌంటింగు మార్చారు. చాంబర్‌కు చిన్న సొట్ట పడింది. ఆయిల్ కారలేదు, వణుకు పోయింది, అందరూ సంతోషించారు. కొన్ని నెలల తర్వాత అనంతపురం వెళ్తూ బాగేపల్లి దాటాక, వేగం పెంచినప్పుడల్లా ఆయిల్ దీపం మినుకుమన్నది. చాంబర్ దింపి చూస్తే అడుగు పైకి లేచి, ఆయిల్ పీల్చే జల్లెడకు దాదాపు అతుక్కుని ఉంది. మామూలుగానే ఆ జల్లెడకూ చాంబర్ అడుగుకూ మధ్య ఉండే ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. అది మూసుకుపోతే మెల్లగా నడిపినప్పుడు ఏమీ తెలియదు. ఇంజిన్ ఎక్కువ తిరిగి ఎక్కువ ఆయిల్ అడిగినప్పుడు అందదు. బేరింగులు కాలిపోయే దాకా పోలేదు, అదే అదృష్టం. మౌంటింగు మార్చిన పనికీ హైవే మీద వెలిగిన దీపానికీ సంబంధం ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

అందుకని చాంబర్ కింద ఆనించక తప్పకపోతే మధ్యలో చెక్క ఉండాలి, ఆ చెక్క వెడల్పుగా ఉండాలి. రేకు చాంబర్‌కు నడుమ భాగమే బలహీనం. ఇంజిన్ దిమ్మెకు బోల్టులతో బిగించిన అంచుల దగ్గర బలం ఉంటుంది. చెక్క ఆ అంచుల దాకా పరుచుకుంటే బరువు నిలువు గోడల మీదుగా దిమ్మెకు పోతుంది. ప్యాకింగ్ పెట్టె చెక్క వద్దు, నార వెంట చీలిపోతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒకదాని నార ఇంకోదానికి అడ్డంగా వచ్చేలా కలిపి మేకులు కొడితే సరిపోతుంది. చాంబర్‌కు అంటిన ఆయిల్‌ను గుడ్డతో తుడిచి, చెక్క మీద పాత ట్యూబు ముక్క ఒకటి పరిస్తే జారదు. డ్రెయిన్ బోల్టు మీద బరువు పడకూడదు. పోత అల్యూమినియం చాంబర్ రేకులా సొట్ట పడదు, కానీ ఒక మూల మీదే బరువు పడితే పగులుతుంది.

ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ అడుగున ఉండే రేకు తట్టను అసలు ముట్టుకోకూడదు. దాని వెనకే ఫిల్టరూ సున్నితమైన వాల్వులూ ఉంటాయి. గేర్‌బాక్స్‌ను ఆపాల్సి వస్తే, ఇంజిన్‌తో కలిసేచోట గంటలా విచ్చుకుని ఉండే మందపాటి పోత పెట్టె దగ్గర చూడాలి. క్రాంక్ పుల్లీ, ఏసీ కంప్రెసర్, యాక్సిల్ ఇవేవీ ఆనించే చోట్లు కావు.

ఇంకో విషయం. హైడ్రాలిక్ జాకీ లోపలి సీళ్లలోంచి ఆయిల్ కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. పది నిమిషాల్లో తెలియదు, రెండు గంటల్లో తెలుస్తుంది. ఇంజిన్ ఆ కొంచెం దిగితే చాలు, బోల్టు రంధ్రాలు కలవవు. చెయ్యి మధ్యలో ఉంటే అంతకంటే ఘోరం. ఎత్తడానికి జాకీ వాడండి. నిలబెట్టి ఉంచడానికి పక్కనే ఒక స్టాండో, అడ్డదిడ్డంగా పేర్చిన దూలం ముక్కలో, ఇంజిన్‌ను తాకీ తాకనట్టు పెట్టండి. కారుతో వచ్చే స్క్రూ జాకీ చక్రం మార్చడం కోసం చేసింది. దాని పాదం చిన్నది, పక్కకు తోస్తే పడిపోతుంది. ఇంజిన్ కింద వాడకండి.

పైనుంచి పట్టడం

వీలుంటే నేను పైనుంచి పట్టడానికే ఓటేస్తాను. ఇంజిన్ సపోర్ట్ బార్ అని దొరుకుతుంది. బానెట్ కింద రెండు పక్కలా ఫెండర్ బోల్టులు బిగించే మందపాటి అంచుల మీద అడ్డంగా కూర్చునే ఇనుప దండె అది. దాన్నుంచి స్క్రూ కొక్కేలు దిగుతాయి. ఇంజిన్ తల మీద ఫ్యాక్టరీలో ఎత్తడానికి పెట్టిన కొక్కీలుంటాయి, గొలుసు వాటికే తగిలించాలి. మరలు తిప్పుతుంటే ఇంజిన్ మిల్లీమీటర్ చొప్పున లేస్తుంది, దిగుతుంది. కారు కింద స్థలం మొత్తం ఖాళీ. చాంబర్‌కు సొట్ట పడే ప్రశ్నే లేదు. దండె పాదాలు మాత్రం ఫెండర్ బయటి పలుచని రేకు మీద కూర్చోకూడదు. ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డుకో, పైపు క్లాంపుకో గొలుసు తగిలించడం ప్రమాదం.

చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) తెచ్చి పార్కింగ్ స్లాబుకున్న కొక్కేనికి వేలాడదీద్దామన్న ఆలోచన ఒకసారి మా పక్కింటాయనకు వచ్చింది. ఫ్యాను కొక్కెం మోసేది ఫ్యాను బరువే. కాంక్రీటులో అదెంత లోతుకు దిగి ఉందో, ఇనుప చువ్వకు తగిలి ఉందో లేదో బయటికి కనిపించదు. గొలుసు గుంజినప్పుడు ఒక్కో కుదుపుకు బరువు కంటే ఎక్కువే పడుతుంది. ఆయనకు ఈ మాట చెప్పి మానిపించాను.

కారును నాలుగు చక్రాల మీదే ఉంచగలిగితే

చాలామంది మౌంటింగు పని అనగానే ముందు కారును పైకి లేపుతారు. అవసరమైతేనే లేపాలి. టైమింగ్ వైపు, గేర్‌బాక్స్ వైపు మౌంటింగులు ఎక్కువ కార్లలో బానెట్ తెరిస్తే పైనుంచే అందుతాయి. ఇంజిన్‌ను పైన బారుతోనో, బయటి నుంచి తోసిన ట్రాలీ జాకీతోనో ఆపితే కారు నేల మీదే ఉంటుంది. మనిషి కింద దూరాల్సిన పనే రాదు. ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది ఇంజిన్ వల్ల కంటే కారు వల్లే ఎక్కువ. ఇంజిన్ కొన్ని అంగుళాలు వాలి ఆగుతుంది. జాకీ జారిన కారు ఆగదు.

టార్క్ రాడ్ కోసం కింద దూరక తప్పదు. అప్పుడు కారుకు వేరే ఆపు, ఇంజిన్‌కు వేరే ఆపు ఉండాలి. ఒకే జాకీతో ఇంజిన్‌నూ కారునూ కలిపి ఎత్తడం కుదరదు. కారు బరువు జాక్ స్టాండ్ల మీద, తలుపుల కింద అంచున కంపెనీ గుర్తు పెట్టిన చోట్ల ఉండాలి. ఇంజిన్ జాకీని అతిగా ఎత్తితే అది ఇంజిన్‌తో పాటు బాడీనీ పైకి తోసి స్టాండ్ల మీదనుంచి లేపేస్తుంది. నేనొక టేపు పక్కన పెట్టుకుంటాను. నేలకూ ఫెండర్ అంచుకూ మధ్య దూరం ముందే కొలిచి, జాకీ ఎత్తుతున్నప్పుడు చూస్తుంటాను. ఆ దూరం పెరిగిందంటే ఎత్తడం ఆపాలి.

స్టాండ్లలో పళ్లచువ్వతో ఆగేవీ, అడ్డంగా పిన్ను దూర్చేవీ రెండు రకాలున్నాయి. 2020లో అమెరికాలో ఒక పనిముట్ల కంపెనీ దాదాపు 17 లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించింది. పళ్లు సరిగా పట్టుకోకుండా బరువు మీద ఉన్నట్టుండి దిగిపోయే అవకాశం ఉందన్నది కారణం. పిన్ను రకం, లేదా పళ్లతో పాటు పిన్ను కూడా ఉన్న రకం కొనుక్కోండి. బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డు పనిముట్ల దుకాణాల్లో అడగండి, అతుకుల దగ్గర వెల్డింగును కళ్లతో చూసి తీసుకోండి. కారును స్టాండ్ల మీదికి దించాక, కింద దూరకముందే పక్కనుంచి చేతులతో గట్టిగా ఊపండి. జరిగేదేదో మీరు బయట ఉండగానే జరగాలి. విప్పిన చక్రాన్ని, స్టెప్నీని తలుపు అంచు కింద పడుకోబెడితే ఇంకో ఆపు.

బెంగళూరులో ఏ ఇంటి ముందైనా సిమెంటు దిమ్మెలు, సైజు రాళ్లు పడి ఉంటాయి. కారు కింద పెట్టడానికి చేతికందేవి అవే. ఇనుము బరువు పడితే వంగి ముందే హెచ్చరిస్తుంది. బోలు దిమ్మె వంగదు, ఒక మూలన బరువు ఆనితే ఒక్కసారిగా ముక్కలవుతుంది. సైజు రాయి పగలకపోవచ్చు, కానీ దాని ముఖం సమంగా ఉండదు. ఇనుప అంచు దాని మీద జారుతుంది. రెండూ కారు కింద వద్దు. చక్రాలు దొర్లకుండా అడ్డం పెట్టడానికి మాత్రం రాళ్లు బాగా పనికొస్తాయి.

నేల కూడా చూసుకోవాలి. స్టిల్ట్ పార్కింగులో నీళ్లు పోవడానికి ఏదో ఒక వైపు వాలు పెడతారు, కంటికి తెలియదు. పిల్లల గోళీ ఒకటి నేల మీద వదిలితే తెలుస్తుంది. పేవర్ బ్లాకుల కింద ఇసుకే ఉంటుంది. స్టాండు కాలు ఒక బ్లాకు మీదే పడితే అది కుంగుతుంది. స్టాండ్ల కిందా జాకీ చక్రాల కిందా ఒక పెద్ద ప్లైవుడ్ పలక పరవండి. సెల్లార్ ర్యాంపు మీద ఈ పని ఎంతమాత్రం చేయకూడదు.

విప్పడం, బిగించడం

ఇంజిన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాను తిరుగుతుంది, చెయ్యి దాని పక్కనే ఉంటుంది. రెండు వెనక చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. గేరులో ఉంటే ఇంజిన్ యాక్సిళ్లతో బిగుసుకుని ఉండి, రంధ్రాలు కలపడానికి కదిపినా కదలదు.

జాకీని కొద్దికొద్దిగా ఎత్తుతూ మౌంటింగు రబ్బరును చూస్తూ ఉండండి. బరువు దిగుతున్నకొద్దీ నలిగిన రబ్బరు విప్పారుతుంది. ముందే పానాతో సడలించి ఉంచిన బోల్టు చేత్తో తిప్పితే తిరిగే స్థితికి వచ్చిందంటే చాలు. బోల్టు బిగుసుకుపోయి ఉంటే అది బరువు మీద ఉన్నట్టు. అలాంటి బోల్టును సుత్తితో కొట్టి బయటికి తోస్తే, అది వచ్చిన క్షణంలోనే ఇంజిన్ వాలుతుంది.

మౌంటింగు బయటికి వచ్చాక ఇంజిన్‌ను అవసరానికి మించి కదపకూడదు. రేడియేటర్ పైపులు, ఏసీ గొట్టాలు, వైరింగు, సైలెన్సర్ ముందు భాగంలోని వంగే అల్లిక పైపు, అన్నీ దాని వెంటే సాగుతాయి. ఎక్కువ వాలితే యాక్సిల్ లోపలి జాయింటు తన గిన్నెలోంచి ఊడే ప్రమాదముంది. ఒకరు జాకీ దగ్గర ఉంటే ఇంకొకరు పైనుంచి ఇవన్నీ చూస్తుండాలి. ఒంటరిగా చేయవద్దనడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బెంగళూరులో విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో ఒకే కారుకు మూడు నాలుగు రకాలు చూపిస్తారు. చూపుకు ఒకేలా ఉండి రబ్బరు రాయిలా ఉన్నది బిగిస్తే, తీసేసిన చిరిగిన మౌంటింగే నయమనిపించేంత వణుకు వస్తుంది. పార్ట్ నంబరు చూసి ఒరిజినల్ తీసుకోవడమే మేలు. చీలిన రబ్బరులో టైరు ముక్కలు కుక్కి నడిపించే అలవాటు కూడా ఉంది. అది వద్దు. పాత మౌంటింగు మీద ఆయిల్ చెమ్మ ఉంటే పైన వాల్వ్ కవర్ నుంచి కారుతోందేమో చూసి, ముందు ఆ కారుడు ఆపండి. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కొత్తదానికీ అదే గతి పడుతుంది.

కొత్తది పెట్టినప్పుడు రంధ్రాలు ఒక్కసారికి కలవవు. జాకీని పైకో కిందికో జరపండి, సన్నటి కడ్డీ దూర్చి పక్కకు ఒత్తండి. కలిసిందో లేదో వేలు పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకండి. 60 కిలోల బరువు రెండు ఇనుప పలకలను కత్తెరలా కలుపుతుంది. బోల్టులన్నిటినీ ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. చేత్తో ఎక్కని బోల్టును పానాతో ఎక్కిస్తే అల్యూమినియంలో మరలు చెరిగిపోతాయి.

చివరి బిగింపు ఆపు తీశాకే. ఇంజిన్ తన బరువు మీద తాను కూర్చోవాలి, చేతులతో ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు ఊపాలి. ఆ తర్వాతే టార్క్ రెంచ్‌తో (ఎంత బిగుతుకు బిగించామో చూపే పానా) మీ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాలి. జాకీ మీద ఉన్నప్పుడే బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుంటుంది. వణుకు పోదు, కొత్త రబ్బరు తొందరగా చిరుగుతుంది. మౌంటింగు మార్చినా వణుకు తగ్గలేదని వినిపించే ఫిర్యాదుల్లో కొన్నిటికి మందు, బోల్టులన్నీ సడలించి, ఇంజిన్‌ను ఊపి, మళ్లీ బిగించడమే. ఒక్కసారి వాడి పారేయమని మాన్యువల్ చెప్పిన బోల్టులను మళ్లీ వాడకూడదు.

కొన్ని పనులు ఇంట్లో వద్దు. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింద ఉండే ఇనుప చట్రం) దింపితే గానీ మౌంటింగు రాని కార్లు, ఇన్నోవా లాంటి బరువైన నిలువు డీజిల్ ఇంజిన్లు, టైమింగ్ బెల్ట్ కవర్ విప్పాల్సి వచ్చేవి లిఫ్ట్ ఉన్న చోటే చేయించాలి. సమతలమైన నేల లేకపోయినా, తోడు మనిషి లేకపోయినా అంతే.

ఆదివారం పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికీ అవ్వకపోవడం నాకు రెండుసార్లు జరిగింది. ఒకసారి బోల్టు విరిగింది, ఇంకోసారి దుకాణంవాడు వేరే మోడల్ మౌంటింగు ఇచ్చాడు. చీకట్లో తొందరపడి బిగించే బదులు పాత మౌంటింగునే తిరిగి పెట్టి, ఉన్న బోల్టులు పట్టించి, కారును చక్రాల మీదికి దించేశాను. దూలం ముక్కలు ఇంజిన్ కింద అలాగే వదిలాను. బ్యాటరీ తీగ బిగించలేదు. తాళం నా జేబులో పెట్టుకున్నాను. రెండో తాళం ఇంట్లో ఎక్కడుందో వెతికి అదీ తీసుకున్నాను. పొద్దున్నే పాలకో, పిల్లల బస్సుకో ఎవరైనా కారు తీస్తారని స్టీరింగ్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: "ఇంజిన్ బిగించలేదు. స్టార్ట్ చేయొద్దు."